మాఫీ

రాస్ లఫాన్‌ల రాత్రి డ్యూటీ.
ఆగస్టు గాలి తడిబట్ట లెక్క మొహానికి అంటుకుంటది.
నా పని ఏందంటే
ఏమీ లేనిదాన్ని కాపలా కాసుడు.

నవ్వకుండ్రి. నిజమే చెప్తున్న.
హీలియం కంటెయినర్‌కు రెండు గోడలు.
లోపటి గోడకు బయటి గోడకు నడుమ
ఉన్న గాలినంత పంపుతోని గుంజి పారేస్తం.
ఆ ఖాళీ ఉన్నంతసేపే
లోపటి చలి లోపట, బయటి ఉడుకు బయట.
ఖాళీ చెడిందా, ఉక్కు మీద చెమట పోస్తది,
చెమట పేరుకొని మంచైతది,
గింత ఉక్కపోతల తెల్లగ ఒక మచ్చ.
ఆ మచ్చ కోసమే టార్చి పట్టుకొని తిరుగుత.

వచ్చిన కొత్తల నేర్చుకున్న మొదటి మాట: మాఫీ.
నీళ్లు మాఫీ. బస్సు మాఫీ. ఈ నెల ఓటీ మాఫీ.
లేదు, అని.
మా కోరుట్ల దిక్కు అదే మాట కోసం
బ్యాంకు ముంగట నిలబడి
లిస్టుల తమ పేరు వస్తదా అని
చెవులు రిక్కిచ్చి వింటరు రైతులు.

ఇన్‌స్పెక్టర్ ముజమ్మిల్‌ది సూడాన్.
ఖార్టూమ్‌ల ఫిజిక్స్ చదివిండట,
ఆ కాలేజీ ఇప్పుడు లేదట.
ఆ రాత్రి గేజు చూపిచ్చి అడిగిన:
"సార్, ఇంకింత గుంజి, ఇంకింత గుంజి,
సుంత గూడ మిగలకుండ గుంజితే? అప్పుడు మాఫీ?"
చాక్‌పీసు తీసి ట్యాంకు మీదనే సున్నా గీసిండు.
ఆ గీతనే మళ్ల వంకరటింకరగ దిద్దిండు.
"మాఫీ మాఫీ," అన్నడు.
లేకపోవుడు అనేదే లేదు.

అంతా తీసేసినంక గూడ
తియ్యరానిది ఒకటి ఉంటదట.
వణుకు.
దీపం ఆరినంక గూడ
వెలుతురు కూసునే చోటు కదులుతనే ఉంటదట.
శూన్యం అప్పు చేస్తదట,
జామీను లేదు, కాయితం లేదు,
ఒక కణాల జంటను పుట్టిచ్చి
ఎవ్వలూ లెక్క చూడకముందే కట్టేస్తదట.
అప్పు ఎంత పెద్దదో గడువు అంత చిన్నదట.
"మా వీసా ఏజెంటు తీర్గ," అన్న.
నవ్విండు. ఆయనకూ ఉండె ఒక ఏజెంటు.
జెరసేపయినంక మెల్లగ అన్నడు:
"అప్పు అనేది మనం చెప్పుకునే తీరు తమ్మీ.
అసలు లెక్కల అప్పూ లేదు, కట్టుడూ లేదు.
వణుకే."

రెండు సాపు రేకులను
ముట్టకుండ, వెంట్రుక గూడ దూరనంత దగ్గరగ నిలబెడితే
నడుమ ఏం లేకున్నా దగ్గరికి జరుగుతయట.
నాకు మా రూమల మంచాలు యాదికొచ్చినయి.
కింది మంచం ఒడియా బనమాలిది.
ఆయన భాష నాకు రాదు, నాది ఆయనకు రాదు,
నాలుగేండ్లల నాలుగు మాటలు మాట్లాడలే.
ఆయన లీవుకు పోయిన నెల
నాకు ఒక్కరాత్రి నిద్ర పట్టలే.

ఇగ ఈ హీలియం ముచ్చట.
నీళ్లు గడ్డ కడ్తయి, గాలిని చల్లబెడితే గాలీ గడ్డ కడ్తది,
గట్టిగ ఒత్తితే తప్ప ఇది కట్టదు.
చలికి ఆఖరి మెట్టు ఎక్కడుందో అక్కడ గూడ
పారుతనే ఉంటది.
ఆ వణుకే దీన్ని కుదురుగ కూసుండనియ్యదట.
ఉక్కు మీద చెయ్యి పెట్టిన.
నా చేతికి ఏం తెల్వలే. ఉక్కు వెచ్చగనే ఉన్నది.
అంటే ఖాళీ బాగనే ఉన్నది.

మూడు గంటలకు రిజిస్టర్ తీసిన.
పాయింటు వెనుక నాలుగు సున్నాలు, ఆఖర్న ఒకటి.
రిమార్కుల గడిల రోజూ 'నిల్' అని రాస్త.
పెన్ను పట్టుకొని కూసున్న.
అప్పుడే లసుంబాయక్క ఫోను,
అక్కడ తెల్లారింది, బీడీల ఆకు తడుపుతాందట.
"ఏమన్న ఉన్నదా?" అన్న.
"ఏం లేదు. ఊరికే చేసిన."
మాటలు అయిపోయినయి, లైను కోసెయ్యలే.
సముద్రం అటుదిక్కు నుంచి సన్నగ గరగర.
అక్కా విన్నది. నేనూ విన్న.

తెల్లారి కంటెయినర్ ఓడెక్కింది.
ఏ దేశం దవాఖానకు పోతదో,
ఎవరి మెదడు ఫొటో దియ్య పోతదో.
గడిల ఏం రాసిననో చెప్ప.
ట్యాంకు మీది వంకర సున్నా మాత్రం
ఎవ్వలూ తుడువలే.